బస్సులో ఒకాయన ఇంటిపేరు అడిగాను

నెయ్యి మానేసినా దిగిరాని నా కొలెస్ట్రాల్ మా వంశంలోనే ఉందట. రక్తసంబంధీకులందరికీ పరీక్ష చేయించమని ఇవాళ విజయవాడలో గుండె డాక్టరు గారు గట్టిగా చెప్పారు. నాన్న, బాబాయి, అన్నయ్య ముగ్గురూ యాభై దాటకుండానే గుండెపోటుతో పోయారు. నాకు పిల్లల్లేరు. మిగిలింది నేనొక్కదాన్నే. ఎవరిని తీసుకెళ్ళను?

తిరిగి బందరు బస్సెక్కాను. ఉయ్యూరులో ఒక పెద్దాయన ఎక్కి పక్క వరసలో కూర్చున్నారు. ఆయన కనురెప్పల మీద పసుపుపచ్చటి బొడిపెలు, అచ్చం నాన్నకున్నట్టే. ఆగలేకపోయాను.

"మీ ఇంటిపేరేంటి బాబాయి గారూ?"

"సంబంధం కోసమా అమ్మా? మా పిల్లలందరికీ పెళ్ళిళ్ళయిపోయాయి," అని నవ్వారాయన.

ఇంటిపేరు కలవలేదు. ఊరూ కలవలేదు. ఆ బొడిపెలు కొలెస్ట్రాల్ వల్ల రావచ్చని చెప్పి, పరీక్ష చేయించుకోమన్నాను.

"ఇయ్యా? మా ఇంట్లో చాలామందికున్నాయమ్మా. రేపే అందర్నీ తీసుకెళ్తాలే," అని పామర్రులో దిగిపోయారు.

'అందర్నీ' అన్న మాట ఎంత తేలిగ్గా అనేశారో!

మీలో ఎవరికైనా కళ్ళ దగ్గర ఇలాంటివుంటే పరీక్ష చేయించుకోండి. కింద కామెంట్లో మీ ఇంటిపేరు కూడా రాయండి. ఊరికే, చూసుకుంటాను.