బలవంతమేం లేదు

ఏర్పేడు దగ్గర కాలేజీలో చదివే మా మనవరాలు మొన్న సెలవులకు చిత్తూరు వచ్చి, మధ్యాహ్నం భోజనమయ్యాక ఫోనులో పేకాట పాఠం వింటూ కూర్చుంది. పేకాటకు పాఠమేమిటని అడిగాను. పోకర్ అనే ఆటలో ఎదుటివాడు మంచి ముక్కల్ని కూడా భయపడి పారేసేలా ఎలా మాట్లాడాలో ఎవరో ఇంగ్లీషులో వివరిస్తున్నాడని, తాను స్నేహితులతో ఊరికే సరదాకు ఆడుతుంది కాబట్టి నేను కంగారు పడనక్కర్లేదని చెప్పింది. నేను కంగారు పడలేదు, కాస్త కుళ్ళుకున్నాను. ఆ విద్యను నేను పైసా ఫీజు లేకుండా మా బట్టల కొట్లోనే నేర్చుకుని, నిజంగా అవసరమైన ఒకే ఒక్క మధ్యాహ్నం వాడి బోర్లా పడినవాణ్ణి.

మా కొట్టు చిత్తూరు బజారులో ఉండేది. నగరి నుంచి వచ్చే లుంగీలు, తువ్వాళ్ళు మా సరుకు. కోర్టు వాయిదాలకు వచ్చే పల్లెవాళ్ళు మా గిరాకీ; పొద్దున్నుంచీ వకీళ్ళ అడ్డప్రశ్నలు విని వచ్చి, ఆ కసినంతా సాయంత్రం మా తువ్వాళ్ళ మీద తీర్చుకునేవాళ్ళు. గల్లాపెట్టె దగ్గర నాయన కూర్చునేవాడు. నాయన బేరంలో అసలైన మాట ఒకటుండేది. గిరాకీ మెట్టు దిగబోతున్నాడనగా, పరిచిన బట్టను తొందరేమీ లేనట్టు మడత పెడుతూ, నచ్చితేనే తీసుకోండి, బలవంతమేం లేదు అనేవాడు. వినేవాడికి అది మర్యాద. కొట్లో పుట్టి పెరిగిన మాకు మాత్రం దాని అర్థం వేరు: ఈ సరుకు ఎలాగైనా పోవాలి, పోకపోతే మన దగ్గరే ముక్కిపోతుంది అని.

అలాంటి రోజుల్లో నాయన తిరుపతిలో రెండో కొట్టు తీసుకున్నాడు. అన్నదమ్ములిద్దరిలో ఒకరు అక్కడికి వెళ్ళాలి, ఎవరన్నది మీరే తేల్చుకోండి, తగువు మాత్రం నా దాకా తేవద్దన్నాడు. నాకు తిరుపతి కావాలి. అక్కడ రోజుకో కొత్త మొహం వస్తుంది, మన పాత ధర ఎవరికీ తెలియదు, పైగా మాట మాటకూ గొంతు సవరించుకునే నాయన పక్కన ఉండడు. బేరమాడేవాడికి అంతకంటే ఏం కావాలి? అన్నకూ తిరుపతే కావాలి. ఎందుకో వాడు చెప్పలేదు, వాడు ఏదీ చెప్పే మనిషి కాదు.

ఆదివారాలు మేమిద్దరం చొక్కా గుండీలు పందెం పెట్టుకుని మూడు ముక్కలాట ఆడేవాళ్ళం. అందుకని ఆ తగువు కూడా ఆటలోనే తేలాలనుకున్నాం. ఇద్దరికీ చెరో గుప్పెడు గుండీలు. ఎవరి గుండీలు ముందు అయిపోతే వాడు చిత్తూరులో ఉండిపోవాలి. ముక్కలు పంచడానికి మా మేనత్త ఒప్పుకుంది. మాటలతో ఆడటం నాకు అలవాటు. ముక్కలు బాగుంటే తలనొప్పి అనేవాణ్ణి, బాగాలేకపోతే అన్న ఆరోగ్యం గురించి ఆరా తీసేవాణ్ణి, వాడు పందెం పెంచబోతే వాడి ధైర్యాన్ని మెచ్చుకుని వాడికే అనుమానం పుట్టించేవాణ్ణి. చాలా ఆదివారాలు అలాగే గెలిచాను.

ఆ రోజు మాత్రం ముక్కలు నన్ను పట్టించుకోలేదు. కాఫీ వేళకు నా ముందు కాసిని గుండీలే మిగిలాయి. అప్పుడు పంచిన ముక్కలు చూస్తే రెండు, ఐదు, తొమ్మిది, ఒకదానికొకటి చుట్టరికం లేనివి. అన్న దగ్గర ఏదో ఉంది కానీ దాన్ని నమ్ముకోవాలో లేదో తెలియక వాడు మెడ గోక్కుంటున్నాడు. వాడు భయపడి ముక్కలు పడేస్తే నేను మళ్ళీ ఆటలోకి వస్తాను. ఉన్న గుండీలన్నీ ముందుకు తోశాను. వాడు ముక్కల్ని కింద పెట్టబోయాడు కూడా. అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

"పారేయన్నా, ఈ ఒక్కసారికి నీకొచ్చిన నష్టమేముండాది? నీ ఇష్టం, బలవంతమేం లేదు" అన్నాను.

అంటూ, నా చేతిలోని మూడు ముక్కల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు సరిచేసి, తువ్వాలు మడత పెట్టినట్టు సర్దానట. నాకు తెలియదు. అత్త చూసింది.

"అమ్మో, మా అన్నే వచ్చి కూసున్నట్టుండాదే!" అని మా నాయన్ను తలుచుకుని నవ్వింది.

అన్న మెడ గోక్కోవడం ఆపేశాడు. "రేయ్, యాపారం మాట వచ్చేసినాది నీకు. సరుకు బాగలేదని నువ్వే చెప్పినావు. ఏదీ, సూపించు" అన్నాడు.

వాడి దగ్గర ఉన్నది ఎనిమిదుల జత. అదే ఎక్కువైంది.

ఆ వారంలోనే వాడు తిరుపతి వెళ్ళాడు. నేను నాయన పక్కన, తర్వాత నాయన స్థానంలో కూర్చున్నాను. అదే మాటతో జీవితమంతా లుంగీలు అమ్మాను. చిత్తూరులో ఒక్కరూ పట్టుకోలేదు. పట్టుకోగలిగిన ఒకే ఒక్క మనిషిని తిరుపతి బస్సెక్కించి పంపించాను కదా! పండక్కి వచ్చినప్పుడల్లా వాడు నా మాటలు వింటూ పెదవి బిగించి నవ్వేవాడు, నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మా కొట్లో ప్రతి బట్టకూ ధర చీటీ వేలాడుతుంది. గిరాకీ అడగడు, మా అబ్బాయి చెప్పడు, బేరం నిశ్శబ్దంగా జరిగిపోతుంది. దానికి నేనేమీ దిగులు పడను, గొంతు అరిగింది.

అన్నకు చెవులు సరిగా వినబడటం లేదు. వారానికోసారి ఫోను చేస్తే సగం వింటాడు, మిగతా సగానికి ఊ కొడతాడు. పోయిన వారం మోకాళ్ళకు తైలం రాసుకుంటూనే, నొప్పులు పూర్తిగా తగ్గిపోయాయనీ, మేడ మెట్లు హాయిగా ఎక్కి దిగుతున్నాననీ చెప్పాను. చాలా మంచిదిరా, చాలా మంచిది అన్నాడు. నమ్మేశాడు.