మల్లేశ్వరక్క నెట్టు

ఎమ్మిగనూరులో మగ్గాల వీధుల్లో మీ ఇంటర్నెట్ ఏ కంపెనీది అని అడిగితే ఎవరూ చెప్పలేరు. "మాది మల్లేశ్వరక్క నెట్టు" అంటారు, పాలు ఎవరింట పోయించుకుంటారో చెప్పినట్టు. రసీదు మీద పేరేదో ఉంటుంది. దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు.

మల్లేశ్వరి పుట్టిందీ మెట్టిందీ ఆ వీధుల్లోనే. చిన్నప్పుడు నూలు కండెలు చుట్టింది, పెళ్లయ్యాక మగ్గం గుంటలో దిగింది. మగ్గం కూడు పెట్టదని తేలిపోయాక భర్త మద్దయ్య కేబుల్ టీవీ వైర్లు లాగే పనిలోకి పోయాడు. ఒక వానాకాలం స్తంభం మీద నుంచి జారిపడి నడుము విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆయన కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తుతాడు, ఆమె కుచ్చిళ్లు దోపి మిద్దెలెక్కుతుంది. మొదట్లో వీధి మగవాళ్లు కింద నిలబడి తలలెత్తి చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. తమ పిల్లల ఆన్‌లైన్ పాఠాలు ఆగిపోయిన రోజున ఆ మగవాళ్లే నిచ్చెన తెచ్చి గట్టిగా పట్టుకున్నారు.

నెట్టు ఏ దారిన వస్తుందో ఎవరడిగినా ఆమె విసుక్కోకుండా చెప్పేది. ఆదోని దాకా అది భూమిలో పాతిన గాజు తీగలో వస్తుంది. అక్కడ కొండ కింద ఒక ఎత్తయిన మిద్దె మీద పెద్ద గొడుగు ఉంది. డిష్షును మావైపు గొడుగనే అంటాం. ఆ గొడుగు దగ్గర తీగ పని అయిపోతుంది, ఇక అంతా గాలే. దారిలో ఒక పల్లెలో నాటిన ఇనుప స్తంభం దాన్ని అందుకుని మల్లేశ్వరి మిద్దె మీది స్తంభానికి పంపుతుంది. ఆ స్తంభానికి బిగించిన పెట్టెలు నాలుగు దిక్కులా పంచుతాయి. ఇళ్ల మీద, దుకాణాల మీద చిన్న చిన్న గొడుగులుంటాయి. ఒక్కొక్కటీ స్తంభం వైపు సూటిగా చూస్తుండాలి. దాని నుంచి ఒక వైరు కిందికి దిగి ఇంట్లోని డబ్బాకు చేరుతుంది, డబ్బా నుంచి ఫోన్లకు.

"గొడుక్కి స్తంభం కనపడితే నెట్టుంటాది, కనపడకుంటే ఉండదు. అంతే కత" అనేది. తీగ లేదు కాబట్టి రోడ్డు తవ్వినా తెగే భయం లేదు. గాలివానకు గొడుగు కాస్త పక్కకు తిరిగినా, మధ్యలో ఎవరైనా పైన గది కట్టినా మాత్రం మద్దయ్య ఫోన్ మోగడం మొదలయ్యేది.

ఆదోని వైపు పనంతా తమ్ముడు ఉమేష్‌ది. తల్లి పోయేనాటికి వాడు మొలతాడు కట్టుకుని తిరిగే పిల్లాడు. బడి మానేసి వాణ్ణి చంకన వేసుకున్నది మల్లేశ్వరే. వాడికి జ్వరమొస్తే ఈమె పస్తుండేది. కంప్యూటర్ చదువు చదివించిందీ, ఆదోనిలో పెళ్లి చేసిందీ ఆమే. "ఆడ నువ్వు, ఈడ నేను, నడమ గాలి. మనకేం భయంరా" అనేది వాడితో. పాపం, గాలి ఎప్పుడూ ఆమెకు ద్రోహం చేయలేదు.

ఉగాది ఇంకా రాలేదు, ఎండలు అప్పుడే ముదిరాయి. సాయంత్రమైతే వెనక వరుస ఇళ్లకు నెట్టు నీరసించడం మొదలైంది. పొద్దున బాగానే ఉండేది. దీపాలు పెట్టే వేళకు వీడియో తిరగదు, దుకాణాల్లో డబ్బు పడిందని చెప్పే పెట్టె నోరు మెదపదు. బట్టల అంగడి నాగేష్ చీరల ఫోటోలు బెంగళూరు వ్యాపారులకు పంపేది ఆ వేళలోనే. "ఏమక్కా ఇది, బేరం పోతాండాది నాకు" అని రోజూ ఫోన్. మల్లేశ్వరి ఎక్కని మిద్దె లేదు. గొడుగులు తిప్పింది, వైర్లు మార్చింది, స్తంభం మీది పెట్టె కొత్తది వేయించింది. ఏం చేసినా ఫలితం సున్నా.

తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఆదోనిలో అంతా బాగుందక్కా. నీ దిక్కే ఏందో అడ్డముంది" అన్నాడు ఉమేష్. "భీమమ్మవ్వ యాపసెట్టు సూసినావా? ఎంత గుబురైందో. ఆకు సిగ్నల్ తాగేస్తాది."

"మరి పొద్దున బాగుంటాదే?"

"పొద్దున వాడేటోళ్లు తక్కువ, బక్క సిగ్నలైనా సాలుతాది. సాయంత్రం అందరూ మీదపడితే సాలదు."

ఇందులో అబద్ధం ఎక్కడా లేదు. ఆకు సిగ్నల్ తాగే మాట నిజం, సాయంత్రం రద్దీ నిజం. ఇన్ని నిజాలు పేర్చి అబద్ధం కట్టవచ్చని ఆమెకు తట్టలేదు. తమ్ముడి మాటను అనుమానించడం ఆమెకు అలవాటు లేని పని.

భీమమ్మ వెనక వరుసకు తిరిగే మలుపులో ఒంటరిగా ఉండే ముసలామె. ఆమెకు నెట్టు లేదు, ఉన్న ఫోన్ బొత్తాల ఫోన్. ఆమెకున్నదల్లా వాకిట్లో వేపచెట్టు, దాని కింద రాట్నం. ఎండాకాలమంతా వీధి ఆడవాళ్లు తమ రాట్నాలు తెచ్చుకుని ఆ నీడనే కండెలు చుట్టేవాళ్లు. మల్లేశ్వరి చిన్నప్పుడు చుట్టింది కూడా అక్కడే. ఆ చెట్టు కొట్టించమని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. రెండుసార్లు వాకిలి దాకా పోయి ఊరికే మాట్లాడి తిరిగొచ్చింది. ఆ వీధిలో ఇలాంటి వాటికి కాగితాలుండవు, పెద్దమనుషులుండరు. అడిగేవాళ్లు అడుగుతారు, ఇచ్చేవాళ్లు ముఖం చూసి ఇస్తారు.

మూడోసారి అడిగేసింది.

"నాకు నెట్టూ వద్దు, గిట్టూ వద్దు" అంది భీమమ్మ రాట్నం ఆపకుండా.

"నీకు కాదవ్వా. ఎనక వరసోళ్లంతా నన్ను నమ్ముకోని ఉండారు. పిల్లోల్ల సదువులు, అంగళ్లు..."

"సెట్టు పోతే వస్తాదా?"

"వస్తాదవ్వా. ఉరుకుంద ఈరన్న సామి సాక్షి."

"ఆయప్పనెందుకు లాగుతావు? నువ్వు సెప్తాండావు గదా, సాలు."

చెట్టు కొట్టడానికి ఉమేష్ తనే ఆదోని నుంచి మిషన్ రంపం తెచ్చుకుని వచ్చాడు. అక్కకు శ్రమ ఎందుకన్నాడు. భీమమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కడిగి మరీ ఇచ్చాడు. మధ్యాహ్నం అక్క చేతి జొన్నరొట్టె, వంకాయ కూర మారడిగి తిన్నాడు. ఆ సాయంత్రమే వెనక వరుసలో నెట్టు పరుగెత్తింది. మల్లేశ్వరి పొంగిపోయింది. భీమమ్మకు ఆ సంగతి చెప్పడానికి పోతే, ఆమె మొద్దు పక్కన తలుపు నీడలో ఇరుక్కుని కూర్చుని ఉంది. "బాగైంది గదా, పో" అంది.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. నెట్టు మళ్లీ పడకేసింది. ఈసారి వెనక వరుసకే కాదు, వీధికంతా. మద్దయ్య ఫోన్ ఎత్తడానికే జంకాడు. ఇక ఆదోని గొడుగును తన కళ్లతో చూసుకుంటే తప్ప తేలదని మల్లేశ్వరి బస్సెక్కింది. తమ్ముడికి చెప్పలేదు. అనుమానించి కాదు, చెబితే పని మానుకుని బస్టాండుకు వస్తాడని.

ఇంట్లో ఉమేష్ లేడు. మరదలు యశోద ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంది. ముఖంలో నిజమైన సంతోషం. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"నెట్టు అస్సలు వస్తాలేదమ్మా. ఈడున్న గొడుగేమన్నా తిరిగిందేమో సూద్దామని వచ్చినా" అంది మల్లేశ్వరి.

యశోద నవ్వింది. "ఊరుకో వదినా, నా కాడ కూడా దాపరికమా! నువ్వే గదా తగ్గించమనింది. దీపాలు పెట్టే యాళకు ఫోన్‌లో మీ వీధి లైన్ సన్నం సేస్తాడు ఆయన, మళ్లా పండుకునే ముందర ఇడిసిపెడతాడు. జనం ఇసిగిపోతే కొత్త కంపెనీకి మారుతారంట గదా. అక్కే సెప్పిందన్నాడు."

మల్లేశ్వరి కాఫీ గ్లాసు కింద పెట్టింది. యశోద ముఖం చూస్తేనే ఈ పిల్లకు ఏ పాపం తెలియదని అర్థమైంది. తన తమ్ముడు దొంగ అని మరదలి నోట, అదీ ఆమె నవ్వుతూ చెబితే, వినాల్సి వచ్చినందుకు తల తీసేసినట్టయింది ఆమెకు.

ఉమేష్ వచ్చాడు. గుమ్మంలో అక్కను చూడగానే సంగతి తెలిసిపోయింది. యశోదను అంగడికి పంపాడు.

"పెద్ద కంపెనీ అక్కా. ఇంటింటికీ తీగ ఏసే లోపల గాలి మీదనే ఇస్తారు. రెండూళ్లూ నాకే ఇస్తామంటాండారు" అన్నాడు నేల చూస్తూ. "నువ్వు ఒప్పుకోవని తెలుసు."

"అడిగినావా నన్ను?"

"అడిగితే ఏమంటావో తెల్దా? మన నెట్టు, మన పేరు అంటావు. పేరుతో బతుకుతామా? నీకూ ఏందో ఒకటి సూస్తాలే అక్కా. ఊరికే ఇడిసిపెడతానా?"

"ఆయవ్వ సెట్టు ఎందుకు కొట్టించినావురా?"

"ఆ సంగతి ఇడిసిపెట్టు" అని గొణిగాడు ఉమేష్. చంకన వేసుకుని పెంచిన చేతులతోనే వాణ్ణి కొట్టాలనిపించింది ఆమెకు. కొట్టలేదు. వాడు అన్నం తిని పొమ్మన్నాడు. తినకుండా లేచి ఆఖరి బస్సుకు వచ్చేసింది.

మర్నాడు పొద్దున ఆమె నేరుగా నాగేష్ అంగడికి పోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకుంది. తన తమ్ముడు తన వీధికి మోసం చేశాడని తన నోటితోనే చెప్పాలని రాత్రంతా మనసు గట్టి చేసుకుంది. అంగడి పైన చూస్తే నిన్న లేని కొత్త ఇనుప స్తంభం, ఇంకా రంగు ఆరలేదు.

"రా అక్కా. నీదే ఆలస్యం. ఎనక వరసోళ్లంతా కొత్త నెట్టుకు పేర్లిచ్చేసినారు" అన్నాడు నాగేష్.

"వాడు నాకు తెలీకుండా సేసినాడు నాగేషూ. నెట్టు తగ్గించింది కూడా వాడే."

నాగేష్ గుడ్డలు మడత పెడుతూ నవ్వాడు. కోపం ఉన్నా బాగుండేది, ఆ నవ్వులో కోపం లేదు. "నాకెందుకు సెప్తావు లేక్కా. ఎవరి యాపారం వాళ్లది, తప్పేముంది? అక్కే సెప్పింది, మీ ముందరికి రాలేక నన్ను పంపింది అన్నాడు ఉమేషు. నీ పేరు సెప్పినాడు కాబట్టే మిద్దె ఇచ్చినా."

"నాకు తెల్దంటే నమ్మవా?"

"సొంత తమ్ముడు. నీకు తెలీకుండానా?"

మిగతా ఇళ్లలోనూ అదే మాట, అదే నవ్వు. ఇన్నేళ్లు వాళ్ల మిద్దెల మీద ఎండకు మాడినందుకైనా ఒక్కరంటే ఒక్కరు ఆమె మాట నమ్మలేదు. మోసపోయిన మనిషిని వాళ్లు మోసం చేసిన మనిషిగా చూస్తున్నారు, పైగా క్షమించేస్తున్నారు. ఆ క్షమ ఆమె ఒంటికి కారం రాసినట్టుంది.

తన మిద్దె ఎక్కి కూర్చుంది. అక్కణ్ణుంచి చూస్తే నాగేష్ కొత్త స్తంభం, వెనక వరుస మిద్దెలు, రెండింటికీ నడుమ సరిగ్గా భీమమ్మ వాకిలి. చెట్టు ఉండి ఉంటే ఆ స్తంభం నుంచి వెనక వరుసలో ఒక్క గొడుగూ కనపడేది కాదు. తన స్తంభానికి ఆ చెట్టు ఎప్పుడూ అడ్డం కాదు. పక్కగా ఓ కొమ్మ, అంతే. చెట్టు కొట్టిన సాయంత్రం నెట్టు పరుగెత్తింది వాడు లైన్ వదిలిపెట్టినందుకే. ఇన్నాళ్లూ కళ్ల ముందున్న దాన్ని తమ్ముడి మాట మీద తప్పుగా చూసింది.

దిగి భీమమ్మ దగ్గరికి పోయింది. ఎండ నడినెత్తికి వచ్చింది. గోడ వారగా మిగిలిన జానెడు నీడలో ముసలామె రాట్నం తిప్పుతోంది. మిగతా ఆడవాళ్లు ఎవరిళ్లలో వాళ్లు ఉండిపోయారు. మల్లేశ్వరి ఎండలోనే చతికిలబడి మొత్తం చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

రాట్నం ఆగింది.

"అయితే నీకు సెట్టు అడ్డం కాలేదు."

"లేదవ్వా. వాని స్తంభానికి అడ్డమైంది."

"నీకు తెల్దు."

అది ప్రశ్న కాదు. పొద్దుటి నుంచి మల్లేశ్వరి ఇంటింటా అడుక్కున్న మాట అది. ఇక్కడ అడక్కుండానే దొరికింది.

"నాకు తెల్దవ్వా."

"తెలుసులే, నీ మొగం సూస్తే కనపడదా?" భీమమ్మ తెగిన దారం ముడి వేసింది. ఆమె చేతులు నెమ్మదిగా కదిలాయి. "నువ్వడిగినావని ఇచ్చినా మల్లేశ్వరీ. వాడడిగింటే కొమ్మ కూడా ముట్టనిస్తుంటినా?"

ఆదోనిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. ముసలామె తిట్టలేదు, నింద వేయలేదు, ఉన్న మాట అంది. ఆ మాట ఉమేష్‌కు ముందే తెలుసు. అక్క అడిగితే ఈ వీధిలో ఎవరూ కాదనరని వాడికి తెలిసినంత బాగా ఆమెకే తెలియదు. వాడు అడగలేదు, ఆమెతో అడిగించాడు. నెట్టు పోతే పోయింది. భీమమ్మ వాకిట్లో నిలబడి ఆ చెట్టు కొట్టేసింది తన నోరే అని, రంపం ఎవరు పట్టినా అది మారదని మల్లేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఎండలో కూసోవద్దు" అని భీమమ్మ రాట్నం కొంచెం పక్కకు జరుపుకుంది. "ఈ పక్కకు రా."