నాకు పనిచేసిన మందు

మా చుట్టాల్లో ఒక కథ స్థిరపడిపోయింది. బావ రేడియేషన్‌కు భయపడి వైద్యం వాయిదా వేశాడని, అందుకే ఇప్పుడు పొట్టకు సంచి కట్టుకుని తిరుగుతున్నాడని. ఆ మాట వచ్చినప్పుడల్లా బావ తలూపేవాడు. నేను కాఫీ గ్లాసులోకి చూసేవాణ్ణి. ఆ కథ నిజం కాదు.

బావ అంటే మా చెల్లెలి భర్త. మా ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకరినొకరం బావ అనే పిలుచుకుంటాం. ఆయనకు ఫిషింగ్ హార్బర్‌లో ఐసు వ్యాపారం. తెల్లవారకముందే బోట్లకు ఐసు ఎత్తించి, నేను పోర్టు ఆఫీసుకు బయల్దేరే వేళకు మా గుమ్మంలో చేప ఒకటి ఇచ్చి పోయేవాడు.

క్యాన్సర్ ముందు నాకొచ్చింది. పెద్దపేగు మొదట్లో, కుడివైపు. ఆపరేషన్ అయ్యాక కాలేయంలో మళ్లీ కనబడింది. కోసి తీసిన ముక్కను పరీక్షించి, కణం రెండుగా చీలేటప్పుడు దొర్లే తప్పుల్ని దిద్దే ప్రోటీన్లు నా గడ్డలో లేవన్నారు. అలాంటి గడ్డల మీద, ఒంట్లోని రక్షణ శక్తిని మేల్కొలిపే ఇంజెక్షన్ బాగా పనిచేస్తుందట. చేసింది. జుట్టు కూడా రాలలేదు. అప్పట్నుంచి చుట్టాల్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా డాక్టరు కన్నా ముందు నాకే ఫోన్. మా ఇళ్లల్లో జబ్బు తగ్గినవాడే వైద్యుడు. ఆ పెద్దరికం నాకూ రుచించింది.

తర్వాత బావకు విరేచనంలో రక్తం పడింది. పేగు చిట్టచివర, మలద్వారానికి దగ్గర్లో గడ్డ. ముందు రేడియేషన్, కీమో, గడ్డ కుంచించుకున్నాక ఆపరేషన్ అంది డాక్టరమ్మ. నేను నా ఇంజెక్షన్ సంగతి అడిగాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. పేగు ఒకే గొట్టంలా కనిపించినా ఆ చివర పుట్టే గడ్డా ఈ చివర పుట్టే గడ్డా లోపల ఒకటి కావట. నా గడ్డలో లేని ప్రోటీన్లు బావ గడ్డలో ఉన్నాయి. ఈ చివర వచ్చేవి చాలావరకు ఇంతేనని, నా మందు ఆయనకు పనికిరాదని అంది.

బయటికొచ్చాక బావ నా మొహం చూశాడు.

"ఏటి సేద్దాం బావ? నువ్వెలాగంటే అలాగే."

ఆమె చిన్నపిల్ల, తెలీదన్నాను. బావ గడ్డ ముక్కను మరో ల్యాబ్‌కు పంపించాను. అదే జవాబు. ఇంకోచోటికి పంపించాను. బావను హైదరాబాద్ తిప్పాను. చెల్లెలు అడిగితే పెద్ద డాక్టర్లతో మాట్లాడుతున్నానన్నాను. వేసవి గడిచిపోయింది. తిరిగి ఆ డాక్టరమ్మ దగ్గరికే వచ్చేసరికి గడ్డ చుట్టూ ఉన్న కండరంలోకి పాకింది. రేడియేషన్‌కు తగ్గింది గానీ మలద్వారాన్ని మిగల్చలేకపోయారు; మలం పోవడానికి పొట్టకు సంచి పెట్టారు. ముందే వస్తే మిగిలేదా అని అడిగాను. చెప్పలేనంది. మిగిలేది కాదని మాత్రం అనలేదు.

రుషికొండ బీచ్‌లో ఎంత పిలిచినా నడుంలోతు నీళ్లలోంచి బయటికి రాని మనిషి బావ. ఇప్పుడు ఒడ్డున కూర్చుని నా చెప్పులకు కాపలా కాస్తున్నాడు.

మొన్న ఆదివారం, భోజనాలకు ముందు, చెల్లెలికి అంతా చెప్పేశాను. బావ పక్కనే ఉన్నాడు.

"నాను సిన్నపిల్లోడినేటి, నువ్వు సంకనేసుకుని తిప్పడానికి? నా కాళ్లతోటే వచ్చాను," అన్నాడు. నవ్వాడు. "నీకు తగ్గింది నాకూ తగ్గాలనుకున్నావు. అంతేకదేటి."

చెల్లెలు లేచింది. వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చి చేపల పులుసు వడ్డించింది. నా కంచంలో ముక్క వేసేటప్పుడు కూడా నా వైపు చూడలేదు. నేను చెయ్యి కడుక్కుంటుంటే తువ్వాలు తెచ్చి పక్కన నిలబడింది.

"వచ్చేవారం స్కానింగుంది. నువ్వే తీసుకెళ్లు అన్నయ్యా. డాక్టరమ్మ సెప్పింది ఇనుకుని రా. నువ్వేటీ సెప్పకు."

అలాగేనమ్మా అన్నాను.