ఎర్ర మూత సిరంజి

ఇన్సులిన్ సీసాలోంచి సూది బయటికి లాగగానే దాని కొన మీద నిలిచే చుక్కకి ఒక వాసన ఉంటుంది. ఆస్పత్రి వరండా కడిగినప్పటి వాసన. గుంటూరు బ్రాడీపేటలోని మా వంటింట్లో పొద్దున్నే ఆ వాసన తగిలితే నాకు సుబ్బరత్నం పిన్నిగారు గుర్తొస్తారు. వెంటనే చేతిలో ఉన్నదాని మీద అనుమానం మొదలవుతుంది.

దర్శిలో టీచరుగా చేరిన కొత్తలో ఆవిడ ఇంట్లో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. భర్త పోయాక మిరప సేద్యమంతా ఆవిడే చూసుకునేవారు. ఒక ఏడు ఎవరో నకిలీ విత్తనాలు అంటగట్టారట. చేను ఏపుగా పెరిగింది గాని కాయ పట్టలేదు. దాంతో మనుషుల మీద నమ్మకానికి నీళ్లొదిలేశారు. పురుగుమందు డబ్బా సీలుని వెలుతురులో తిప్పితిప్పి చూసేవారు. నన్నూ వదల్లేదు. "నీకు నిజంగా అయినవాళ్లున్నారా అమ్మాయ్? ఒక్కళ్లూ రారేంటి?" అని అడిగారొకసారి. మొదట్లో ఒళ్లు మండేది, తరవాత నవ్వొచ్చేది.

ఆవిడకి షుగరు ముదిరి గుంటూరు డాక్టరుగారు ఇన్సులిన్ రాశారు. ఇంకొకళ్ల చేతికి సూది ఇచ్చే రకం కాదు గనక నర్సు దగ్గర నేర్చుకుని తన పొట్టలో తనే పొడుచుకునేవారు. కల్లంలో గీరుకున్న కాలి పుండు మానుముఖం పట్టింది. కొన్నాళ్లకి మళ్లీ చీము పట్టింది, షుగరు పెరిగింది.

"ఇది మందు కాదమ్మాయ్, నీళ్లు. నాకంటగట్టారు," అన్నారు. పుండు కేసి చూసుకుని, "పురుగు చావకపోతే మోతాదు పెంచమా? రేపట్నుంచి రెండింతలు ఎక్కిస్తా," అన్నారు.

నాకు భయమేసింది. "నకిలీదైతే పెంచినా లాభం లేదు, అసలుదైతే ప్రాణం మీదికొస్తుంది. ముందు చూపిద్దాం పిన్నిగారూ," అన్నాను.

"నువ్వెందుకంత కంగారుపడతన్నావ్?" అని నన్ను ఎగాదిగా చూశారు. అయినా మర్నాడు సీసా, సిరంజిలు సంచిలో వేసుకుని నాతో గుంటూరు బస్సెక్కారు.

నర్సు సీసా జోలికి పోలేదు. సిరంజి పట్టుకుని, "ఈ నారింజ మూతది ఎవరిచ్చారమ్మా?" అంది.

"మా ఊరి మందులషాపాయన. ఎర్ర మూతవి అయిపోయినయ్, ఇదీ ఇన్సులిన్ సిరంజే అన్నాడు."

నర్సు రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. సీసా మీద నలభై, సిరంజి మీద వంద. "మీ మందు ఒక మిల్లీలీటరులో నలభై యూనిట్లుంటయ్. దానికి నలభై గీతల ఎర్ర మూతదే వాడాలి. దీంతో ఇరవై గీత దాకా లాగితే లోపలికి పోయేది ఎనిమిదే. మందూ మంచిదే, సిరంజీ మంచిదే. రెంటికీ జత కుదర్లేదు. దీన్లో రెండింతలకి అలవాటుపడి, రేపు ఎర్ర మూతదాన్లోనూ అంతే లాగితే ఏమయ్యేది?"

పిన్నిగారు సీసానీ సిరంజినీ వెలుతురులో తిప్పితిప్పి చూశారు. "అంటే నన్నెవళ్లూ మోసం చెయ్యలేదా?" అన్నారు చివరికి. ఆ గొంతులో నిరాశే వినిపించింది నాకు.

తిరుగు బస్సులో, "పొలంలో ఒక మందు మూతతో ఇంకో మందు కొలిస్తే కూలోళ్ల మీద ఇంతెత్తున లేస్తా. నా వొంట్లోకి పోయేదాన్ని చూసుకోలా," అని తనలో తనే గొణుక్కున్నారు. సిరంజి మారాక పుండు మానింది. కాలు దక్కింది.

తరవాతెప్పుడో ఆవిడకి చూపు మందగించింది. మందు లాగే పని నా మీద పడింది.

"సీసా ఎంత?"

"నలభై."

"సిరంజి?"

"నలభై."

"మళ్లీ చెప్పు."

రోజూ ఇదే వరస. ఒకరోజు నాకు ఉక్రోషం ఆగలేదు. "ఇప్పటికీ నా మీద అనుమానమేనా పిన్నిగారూ?" అన్నాను.

"అనుమానముంటే సూది నీ చేతికిస్తానా? నాకు కనపడదు గదా అమ్మాయ్, వినపడాలి," అన్నారు.

ఆవిడ పోయారు. ఇప్పుడు సూది గుచ్చుకునేది నా పొట్టలో. చూపు బాగానే ఉంది, షాపాయన తెలిసినవాడే. అయినా సీసా మీదా సిరంజి మీదా అంకెలు చూసి, ఖాళీ వంటింట్లో పైకే చదువుతాను. ఎవరో అడిగినట్టు కాసేపు ఆగి, మళ్లీ చెబుతాను.