బావగారి బండికి పట్టిన దగ్గు

ఆ రోజుల్లో ఉప్పల్ దాటి ఎవరైనా ఇల్లు కట్టుకున్నారంటే, గృహప్రవేశానికి పాలు పొంగకముందే వాళ్లింటికి ఒక ఇనప బీరువా చేరిపోయేది. నారపల్లిలో పొలాలు ప్లాట్లవుతున్న కాలం, పోచారంలో కంప్యూటర్ ఉద్యోగాల పెద్ద భవనాలు లేస్తున్న కాలం. ఆ బీరువాల్లో చెప్పుకోదగ్గన్ని మా బావగారి షెడ్డులోనే పుట్టేవి. నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు, అందులో రోజంతా రేకు కొట్టే మోత, గేటు దగ్గర ఒక పాత పికప్ బండి, ఇదీ ఆయన సామ్రాజ్యం. గోదావరి జిల్లా నుంచి డిగ్రీ పట్టా పుచ్చుకుని వచ్చి, అక్క ఇంట్లో దిగి, ఉద్యోగం దొరక్క ఆ బండికి డ్రైవర్నయిన బావమరిదిని నేను. ఈ కథ మా చుట్టాల్లో ఎవరికి చెప్పినా పడీపడీ నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబుతాను, న్యాయమేదో మీరే తేల్చండి.

అక్క ఇంట్లో కూర్చుని తింటున్న తమ్ముడికి ఎంత గౌరవం ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. (అక్క ఏమీ అనదు. పక్కింటావిడే అడుగుతుంది, తమ్ముడికి ఇంకా ఏమీ రాలేదా అని, సరిగ్గా నేను అన్నం కలుపుకుంటున్నప్పుడు.) ఆ స్టీరింగ్ చేతికి వచ్చాకే నేను మనిషినయ్యాను. షెడ్డులో పనివాళ్లు డ్రైవరన్నా అని పిలిచేవాళ్లు. ఘట్‌కేసర్‌లో బీరువా దింపి ఖాళీ బండితో తిరిగి వస్తుంటే వరంగల్ రోడ్డు నాకోసమే వేశారనిపించేది. అందుకని ఆ బండిని నేను ఎంత అపురూపంగా చూసుకునేవాణ్నో మీరు ఊహించుకోవచ్చు. బావగారు మాత్రం ఊహించుకోలేకపోయారు.

ఒక ఎండాకాలం ఆ బండికి దగ్గు పట్టుకుంది. బయల్దేరేటప్పుడు బుద్ధిగానే ఉండేది. కాస్త దూరం పోయాక ఇంజిన్ తడబడేది, గుర్రుమనేది, మనుషుల్ని ముందుకీ వెనక్కీ కుదిపేది, ఒక్కోసారి ఉప్పల్ రింగు రోడ్డు నట్టనడుమ ప్రాణం వదిలేది. వెనక బస్సుల హారన్లు, పక్కన ఆటోవాళ్ల ఉచిత సలహాలు. ఎడమ సీట్లో ఉన్న బావగారు పెద్దగా నిట్టూర్చి, తలుపు పట్టుకుని, భారంగా కిందికి దిగి బానెట్ ఎత్తమనేవారు. ఆయన అలా దిగి నిలబడ్డారో లేదో, నేను తాళం తిప్పగానే ఇంజిన్ ఏమీ ఎరగనట్టు హాయిగా తిరిగేది. ఆయన ఇంజిన్ వంక చూసేవారు, తరవాత నా వంక చూసేవారు. ఆ రెండో చూపుంది చూశారూ, దాన్ని నేను ఈ జన్మకి మరిచిపోను.

"క్లచ్ మీద కాలు తియ్యరా అబ్బాయ్" అనేవారు, మళ్లీ ఎక్కుతూ.

క్లచ్ మీద నా కాలు ఉంటే కదా తియ్యడానికి!

ఉప్పల్‌లో మా బండికి ఆస్థాన వైద్యుడు ఒకాయన ఉండేవాడు. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా నల్లగా ఉండేవాడు కాబట్టి గ్రీజన్న అనేవాళ్లం. మొదటిసారి తీసుకెళ్తే డీజిల్‌లో చెత్త ఉందని ఫిల్టర్ మార్చాడు. మార్చి, తనొక్కడే బోడుప్పల్ దాకా నడుపుకుంటూ వెళ్లి వచ్చాడు. బావగారు ఎదురు హోటల్లో టీ తాగుతూ, రాచఠీవితో తిరిగొస్తున్న బండిని చూసి తృప్తిగా తలాడించారు. మర్నాడు ఆయన ఎక్కి కూర్చోగానే మళ్లీ దగ్గు. రెండోసారి ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి కడిగాడు. మళ్లీ బోడుప్పల్, మళ్లీ టీ, మళ్లీ రాచఠీవి, మర్నాడు మళ్లీ దగ్గు. మూడోసారి వెళ్లేసరికి ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పేశాడు.

"సేట్, బండికి ఏం గాలే. నేను నడిపిస్తె మస్తు నడుస్తుంది. ఇగ బీమారి ఏడున్నదో మీరే సమజ్ చేస్కోండ్రి."

సమజ్ చేసుకోవడానికి వీలుగా ఇద్దరూ కలిసి నా వంక చూశారు. నాకు తల తీసేసినట్టయింది. ఉండబట్టలేక, నేనొక్కణ్నే వెళ్లినప్పుడు కూడా బండి బాగానే నడుస్తోంది బావగారూ అన్నాను. నన్ను నేను కాపాడుకోవడానికి అన్న ఆ మాటే నా కొంప ముంచింది. అంటే నేనెక్కినప్పుడే కావాలని కుదుపుతున్నావన్నమాట అన్నారాయన, చాలా శాంతంగా. ఇంటికెళ్లాక ఆ శాంతంతోనే ఇంకో మాట కూడా చెప్పారు. సోమవారం ఆయన మేనల్లుడు ఊరి నుంచి వస్తున్నాడట, తాళాలు వాడికి ఇచ్చేసి నేను పెయింటు పనిలో చేరాలట. పెయింటు కొట్టడం తప్పుడు పనని నేననను. కానీ ఆ మేనల్లుడు ఊళ్లో ట్రాక్టరుని కాలవలోకి దింపిన ఘనుడు. వాడికి స్టీరింగా? ఏ తప్పూ చెయ్యని నాకు, జుట్టునిండా బూడిదరంగు పెయింటా?

ఇక మిగిలిన రోజుల్లో నేను పడ్డ అవస్థ చెప్పుకుంటే సిగ్గుచేటు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను. చెప్పులు విప్పేసి, క్లచ్‌కి నొప్పి కలగకుండా నడిపాను. పెద్దవాళ్లు పక్కన ఉంటే నా కాలు నా మాట వినడం మానేస్తోందేమో, లోపం నిజంగా నాలోనే ఉందేమో అని నాకే అనుమానం మొదలైంది. నిక్షేపంలాంటి మనిషిని అలా నమ్మించేశారు.

శనివారం బావగారు ఏదో పెళ్లికని బస్సెక్కి వెళ్లారు. నేను నారపల్లికి బీరువాలు తీసుకెళ్తుంటే, అక్క తన పాత రాతి గ్రైండరుని కూడా రిపేరుకి ఇచ్చి రమ్మంది. వెనక పడేస్తే బీరువాల రంగు గీసుకుపోతుందని ఇద్దరు మనుషులు దాన్ని మోసుకొచ్చి ఎడమ సీట్లో కూర్చోబెట్టారు. పోతూపోతూ ఎవరింట్లోనో దింపమని ఒక బియ్యం బస్తా కూడా దాని ఒళ్లో పెట్టారు. బయల్దేరాను. కాస్త దూరం పోయానో లేదో బండి దగ్గడం మొదలెట్టింది. నాకు ఎంత అలవాటైపోయిందంటే, తిట్లు తినడానికి సిద్ధపడి ఎడమవైపుకి తల తిప్పాను. అక్కడ గ్రైండరు ఉంది. గ్రైండరు నన్ను ఏమీ అనలేదు.

బండి పక్కకి ఆపి, ఇంజిన్ ఆపకుండానే, వెనకున్న కూలీలని పిలిచి ఆ రెంటినీ కిందికి దింపించాను. అంతే, ఇంజిన్ తేరుకుంది. మళ్లీ ఎక్కించమన్నాను. (వాళ్లు నా వంక అదోలా చూశారు.) మళ్లీ దగ్గు. దింపించి సీటు ఎత్తి చూస్తే ఏముంది? మాకంటే ముందు ఆ బండి ఎవరిదో గాని, వాళ్లు డీజిల్ పైపుకి బదులు రబ్బరు గొట్టం వేయించి, ఎడమ సీటు చెక్క కిందుగా లాగి వదిలేశారు. పైన బరువు పడితే చెక్క వంగి, ఎండలకి మెత్తబడ్డ గొట్టాన్ని నొక్కేస్తోంది. డీజిల్ అందక ఇంజిన్ గిలగిల్లాడుతోంది. బరువు దిగితే గొట్టం తెరుచుకుంటోంది. గ్రీజన్న ఎక్కినా, నేనెక్కినా ఆ ఎడమ సీట్లో ఎవరూ ఉండరు. అక్కడ కూర్చునేది ఒక్క బావగారే!

గొట్టాన్ని చేత్తో పక్కకి జరిపితే అయిపోయేది. జరపలేదు. జరిపేస్తే నా మాటకి సాక్ష్యం ఏది?

సాయంత్రం అక్కకి చెబితే కొంగు నోట్లో కుక్కుకుని, ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వడం అయ్యాక, ఆయన దగ్గర ఈ మాట ఎత్తడానికి వీల్లేదని తేల్చేసింది. మా ఇంట్లో బావగారి బరువు గురించి ఎవరూ మాట్లాడరు. మా అమ్మ వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే ఆయన్ని చూసి "అల్లుడుగారు చిక్కిపోయారు" అంటుంది, అక్క ఆ పూట ఇంకో గరిటె నెయ్యి వేస్తుంది. అలాంటి ఇంట్లో, బావగారూ మీ బరువుకి బండి ఆగిపోతోంది అని ఏ నోటితో చెప్పను? చెప్పకపోతే సోమవారం తాళాలు పోతాయి. ఆఖరిసారిగా గ్రీజన్నకి చూపిద్దామని ఆదివారం పొద్దున్నే బతిమాలి, బావగారిని ఎక్కించుకుని, దారి పొడుగునా దగ్గించుకుంటూ ఉప్పల్ తీసుకెళ్లాను. ఆయన దిగగానే, ఒక్కసారి ఎడమ సీటు కింద చూడన్నా అన్నాను.

గ్రీజన్న చూశాడు. ఆయనకి మా ఇంటి మర్యాదలతో పనిలేదు.

"సేట్, జర ఎక్కి కూసోండ్రి."

కూర్చున్నారు. ఇంజిన్ కాసేపు ఓర్చుకుని దగ్గడం మొదలెట్టింది.

"జర దిగుండ్రి."

దిగారు. ఇంజిన్ హాయిగా తిరిగింది. నమ్మకం కుదరక గ్రీజన్న మళ్లీ ఎక్కించాడు, మళ్లీ దింపాడు. ఎదురు హోటల్లో టీ తాగుతున్నవాళ్లు గ్లాసులతో సహా రోడ్డు దాటి వచ్చి చుట్టూ మూగారు.

"గిదీ సంగతి. మీరు కూసుంటె పైపు నలుగుతుంది సేట్, డీజిల్ పోతలేదు" అని, గొట్టాన్ని పక్కకి లాగి తీగతో కట్టేశాడు. అదీ రిపేరు.

నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. నాకేం పెద్ద కోరికలు లేవు. "తప్పు నీది కాదురా" అని ఒక్క మాట, అంతమంది ముందు అక్కర్లేదు, పక్కకి పిలిచి అన్నా చాలు. బావగారు మొహం తుడుచుకుని గొంతు సవరించుకున్నారు.

"నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను బండిలో లోపం ఉందని. రోజూ నడిపేవాడివి, సీటు కింద ఏముందో చూసుకోవద్దట్రా?"

పైగా గ్రీజన్న కూడా, గదే గద తమ్మీ, అని ఆయనకే వంతపాడాడు! మూడుసార్లు డబ్బు పుచ్చుకుని సీటు ఎత్తనివాడు నాకు చెప్పడం!

తాళాలు నా దగ్గరే ఉండిపోయాయి, మేనల్లుడే పెయింటులోకి వెళ్లాడు. నేను మాత్రం అలిగి ఆ మధ్యాహ్నం అన్నం మానేశాను. (సాయంత్రం బజ్జీలు తిన్నాను, అది వేరే సంగతి.) ఆ తరవాత ప్రతి పెళ్లిలో, ప్రతి బారసాలలో బావగారు ఈ కథ చెప్పేవారు. మెకానిక్కుకి దొరకలేదట, డ్రైవరుకి దొరకలేదట, తనే స్వయంగా కూర్చుని, లేచి కనిపెట్టారట. నేను మధ్యలో గ్రైండరు అని మొదలెట్టేలోపు అందరూ నవ్వులో మునిగిపోయేవారు.

మొన్నామధ్య నారపల్లిలో ఒక గృహప్రవేశానికి బయల్దేరాం. కారు అక్క కూతురిది, నడిపేదీ అదే. బావగారు ఇప్పుడు వెనక సీట్లో కూర్చుంటున్నారు. షుగరు వచ్చాక నిజంగానే చిక్కిపోయారు, అందుకే ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. ముందు సీట్లో నువ్వు కూర్చోరా అని ఆయనే నన్ను ఎక్కించారు. ఈ ఏళ్లలో నాకూ పొట్ట బాగానే వచ్చింది. ఉప్పల్ దాటాక ఒక గతుకులో పడి లేస్తూ కారు గట్టిగా కుదిపింది, ఆగిపోయింది. ఏమాత్రం ఆలోచించకుండా నా నోట్లోంచి ఊడిపడింది, "క్లచ్ మీద కాలు తియ్యవే" అని.

అది చెయ్యి స్టీరింగ్ మీంచి తియ్యకుండా నా వంక చూసింది.

"మావయ్యా, నువ్వోసారి దిగి చూడు" అంది.

నాకు మళ్లీ ఒళ్లు మండింది. అయినా దిగాను. దిగి తలుపు వేశానో లేదో, కారు చక్కగా స్టార్టయి నాలుగడుగులు ముందుకెళ్లి ఆగింది. నేను ఎండలో పొట్ట పట్టుకుని దాని వెనకే నడిచాను. వెనక అద్దం దిగింది. అందులోంచి బావగారి మొహం, ఎంత చిన్నదైపోయిందో, బయటికి వచ్చింది. నవ్వుని అణుచుకోలేక కళ్లు చెమర్చి ఉన్నాయి.

"ఇందులో నీ తప్పేం లేదురా, ఎక్కు" అన్నారు.

ఇన్నేళ్లు ఆ మాట కోసమే కదా అలిగాను. అదేదో అప్పుడే గ్రీజన్న షెడ్డు ముందు అంటే ఏం పోయేది! ఆ మాటే గట్టిగా అడిగేద్దామని ఎక్కి వెనక్కి తిరిగాను. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నేను ముందుకి తిరిగి సీటు బెల్టు పెట్టుకున్నాను.