మునిస్వామి లోడు పరీక్ష

మునిస్వామికి ఉన్న పిచ్చి ఒకే ఒక్కటి. అతని చేతిలో బాగుపడిన లారీ ఖాళీగా షెడ్డు దాటకూడదు. ఇంజను ఎంత తియ్యగా పలకనీ, పొగ మచ్చుకైనా రాకపోనీ, బండి మీద బరువు వేసి బూదిగెరె క్రాస్ షెడ్డు నుంచి తను చెప్పిన చోటి దాకా ఒక ట్రిప్పు తోలి చూస్తే గాని తాళం చెవి ఓనరు చేతికి ఇవ్వడు. ఆ బరువు కూడా ఓనరు తెచ్చుకున్నది పనికిరాదు, మునిస్వామి చూపించిందే ఎక్కించాలి. ఎందుకయ్యా అని అడిగితే, అరవై ఐదేళ్ళ ఆ బక్క మనిషి ఎగాదిగా చూసి ఒకటే మాట అంటాడు. "లోడు లేకుండా చూసేది పరీక్ష ఎట్లయితాది అప్పా?"

ఈ పరీక్షకు బలైనవాళ్ళు బెంగళూరు నిండా ఉన్నారు. పాల వ్యానువాడు బడి బెంచీలు మోశాడు. ఇసుక లారీవాడు కుట్టు మిషన్లు మోశాడు. వైట్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు శ్రీకాంత్ ఒక పాత లారీ కొని, లోపల పరుపు, పొయ్యి అమర్చుకుని ఊళ్ళు తిరిగే ఇల్లు చేసుకుంటే, ఆ పరుపు మీద పద్దెనిమిది బియ్యం మూటలు ఎక్కాయి. అతను ఇంటికెళ్ళి ఇంటర్నెట్లో రాశాడు: "పనికి ఐదు చుక్కలు. మనిషికి ఒక్కటి, అదీ లెక్క తప్పి."

అలాంటి షెడ్డులోకి ఒక శుక్రవారం పొద్దున జోసెఫ్ లారీ దగ్గుకుంటూ, నల్లటి పొగ కక్కుకుంటూ వచ్చింది. జోసెఫ్‌ది ఒంగోలు. కె.ఆర్. పురంలో పెళ్ళిళ్ళకూ మీటింగులకూ కుర్చీలు అద్దెకిస్తాడు. మునిస్వామి పిచ్చి సంగతి చెవినపడింది గాని, తన దగ్గర అవేమీ సాగవని అతని నమ్మకం.

"మేస్త్రీ గారూ, బండి ఫ్లైఓవర్ ఎక్కలేకపోతోందండీ. రేపు మధ్యాహ్నానికల్లా కావాలి."

మునిస్వామి గాలి గొట్టం విప్పి, ఇన్‌టేక్ లోపల వేలు పెట్టి బయటికి తీశాడు. వేలు కనబడలేదు, నలుపు కనబడింది.

"యాడ తిప్పుతా ఉండావప్పా బండిని?"

"మారతహళ్ళి, సిల్క్ బోర్డు, వైట్‌ఫీల్డ్."

"అది తిప్పడమా? సిగ్నల్లో నిలబెట్టి పొగ తాగిస్తా ఉండావు. పదునాలుగేండ్ల బండి. దాని పొగ స్వల్ప మళ్ళా దాని లోపలికే పోతాది. ఆయిలు జిడ్డుతో కలిసి గట్టిగా పేరుకుంటాది. చూడు, సంగటి అడుగంటిన గిన్నె మాదిరి ఉండాది. గాలి పోయే దారే లేకపోతే బండి ఊపిరి ఎట్ల తీసుకుంటాది?"

"పక్క వీధిలో మందు కొట్టి గంటలో కడిగి ఇచ్చేస్తామన్నారండీ."

"మందు కొడితే పైది కరిగి లోపలికి పోతాది. ముక్క విరిగి వాల్వులో ఇరుక్కుంటే అప్పుడు యాడికి పోతావు? సుమ్నే, గమ్మున కూర్చో."

జోసెఫ్ కూర్చున్నాడు. కూర్చోబుద్ధి కాలేదు. శనివారం సాయంత్రం ఐదింటికి వైట్‌ఫీల్డ్‌లో వాళ్ళ చర్చి ఆవరణలో పాస్టరుగారి అమ్మాయి జాయ్ పెళ్ళి విందు. నాలుగు వందల కుర్చీలు వేయాలి. పోయిన క్రిస్మస్‌కు జోసెఫ్ కుర్చీలు గంట ఆలస్యంగా వచ్చి, సంఘమంతా నిలబడి పాటలు పాడింది. అప్పటినుంచి పాస్టరమ్మగారు అతను కనిపించినప్పుడల్లా, "కూర్చోండి జోసెఫ్ గారూ, కుర్చీ ఉంటే" అంటున్నారు. ఈసారి కూడా ఆలస్యమైతే చర్చి పని ఇంకొకరికి పోతుంది. జోసెఫ్ భార్య లీలావతి నర్సు, చర్చి గాయకబృందంలో ముందు వరస మనిషి. ఆవిడ ఫోన్లోనే తేల్చి చెప్పింది. "ఏవండీ, ఈసారి కూడా నిలబడి పాడాల్సొస్తే నేను ఇంటికి రాను. ఆస్పత్రిలోనే డ్యూటీ వేయించుకుంటా."

ఇక్కడ మునిస్వామి మాత్రం ఇంజనులోకి గాలి పోయే నాలుగు రంధ్రాలకూ నాలుగు గుడ్డలు కుక్కి, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని పైకి లెక్కపెట్టాడు. మసి లోపల పడకుండా అడ్డమట. స్క్రూడ్రైవరుతో గీకడు, గీతలు పడతాయట. వెదురు పుల్లతో, పంటి సందులో పీచు తీసినంత ఓపిగ్గా గీకాడు. విప్పిన భాగాన్ని కిరసనాయిలు తొట్టిలో రాత్రంతా నానేశాడు. గంటకోసారి గుడ్డలు లెక్కపెట్టాడు. సాయంత్రానికి జోసెఫ్ కూడా తనకు తెలియకుండానే ఒకటి, రెండు, మూడు, నాలుగు అనడం మొదలుపెట్టాడు. ఆ సంగతి గమనించుకుని తన మీద తనకే చిరాకేసింది.

కాలక్షేపానికి తన గొప్ప కథ ఒకటి విప్పాడు. ఆ కథ లీలావతికి కంఠతా వచ్చు. "పన్నెండేళ్ళ కిందట కమ్మనహళ్ళి నుంచి కె.ఆర్. పురానికి ఇల్లు మారామండీ. లారీ కిరాయి ఇచ్చుకునే స్థితి కాదు. టీకొట్టు దగ్గర ఒక లారీ ఆగుంటే, డ్రైవర్ని పదే పది నిమిషాలు మాటల్లో పెట్టా. అంతే! పైసా పుచ్చుకోకుండా సామానంతా చేరేశాడు. మాట్లాడటం ఒక కళండీ మేస్త్రీ గారూ."

మునిస్వామి పుల్ల ఆపకుండా, "అవునా? గట్టోడివే అప్పా" అన్నాడు.

శనివారం పదకొండింటికి అంతా బిగించాడు. బిగించేముందు గుడ్డలు లెక్కపెట్టి బయటికి తీశాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. దగ్గు లేదు, నల్ల పొగ లేదు. జోసెఫ్ సంతోషంగా చెయ్యి చాచాడు.

"తాళం?"

"లోడు?" అన్నాడు మునిస్వామి. తాళం చెవి అప్పటికే అతని నడుముకు ఉన్న దారానికి చేరింది.

"ఉన్నాయిగా నా కుర్చీలు! నాలుగు వందలు. అవే ఎక్కించి పరీక్ష చేసుకోండి."

"ప్లాస్టిక్ కుర్చీలా? అది లోడు కాదప్పా, గాలి."

జోసెఫ్ పక్కనున్న స్పేరుపార్టుల కొట్టుకు పరుగెత్తాడు. "ఫయాజ్ భాయ్, నిజం చెప్పండి, ఈ లోడు పరీక్ష అవసరమా?"

"ఏం అవసరం లేదు భాయ్" అన్నాడు ఫయాజ్, పెట్టెలు సర్దుకుంటూ. "స్టార్ట్ చేసినప్పుడే తెలిసిపోయింది. ఆయనకూ తెలుసు."

జోసెఫ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. అదే ఊపులో షెడ్డుకు తిరిగొచ్చేసరికి అతనికోసం ఒక మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు నాగరాజు, నగర్తపేటలో జరీ పనివాడు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారట, దేవనహళ్ళిలో ఒక గది దొరికిందట. షెడ్డు వెనక టార్పాలిన్ కింద మంచం, బీరువా, రుబ్బురోలు, మగ్గం సామాను. ఆ కుప్ప పక్కనే గోడగడియారం ఒళ్ళో పెట్టుకుని అతని భార్య అనసూయ.

"సార్, తమరి లారీ అట్లే ఖాళీగా దేవనహళ్ళికి పోతా ఉండాదంట. తమరి ముఖం చూస్తానే అనుకున్నా, పెద్దమనసు ఉండే మనిషని..." నాగరాజు పది నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు. జోసెఫ్ మునిస్వామి వైపు చూశాడు. మునిస్వామి ఆకాశం వైపు చూశాడు.

"ఎక్కించండి" అన్నాడు జోసెఫ్. ముఖం మాడిపోయింది.

నాగరాజు సామానుతో పాటు వెనక కూర్చున్నాడు. అనసూయ ముందు ఎక్కుతుంటే మునిస్వామి ఆమె చేతిలోంచి గడియారం అందుకున్నాడు. "నువ్వు సరిగ్గా కూర్చో తల్లీ, ఇది నేను పట్టుకుంటా." దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో అదిమిపట్టి, తల కిటికీ బయటికి పెట్టాడు. ఆ తల మళ్ళీ దేవనహళ్ళి దాకా లోపలికి రాలేదు.

"తొక్కప్పా!"

జోసెఫ్ తొక్కాడు.

"అన్నా, మెల్లగా! బీరువా అద్దం ఉండాది" అంది అనసూయ.

వదిలాడు.

"యాల వదిలినావు? తొక్కు, తొక్కు! పొగ చూడల్ల!"

"పొగ లేదని ఫయాజ్ కూడా చెప్పాడు!"

"ఫయాజ్‌కేం తెలుసు? తొక్కప్పా!"

దేవనహళ్ళి చేరేసరికి ఒంటిగంటన్నర. సామాను దింపుతుంటే నాగరాజు జోసెఫ్ దగ్గరికి రాలేదు. కొత్త ఇంటి పక్కవాళ్ళ మధ్య నిలబడి, రొమ్ము విరుచుకుని చెబుతున్నాడు. "లారీ ఎట్ల దొరికిందంటారా? మాట్లాడే దాంట్లో ఉండాది సామీ! పదే పది నిమిషాలు."

చిరాగ్గా వాచీ చూసుకుంటున్న జోసెఫ్ ఉన్నట్టుండి ఆగిపోయాడు. లీలావతికి ఫోన్ చేశాడు.

"కుర్చీలు బయల్దేరాయా?" అంది ఆవిడ.

"వస్తాయి గాని, ఇది చెప్పు. కె.ఆర్. పురం మారినప్పుడు నువ్వు లారీలో ముందు కూర్చున్నావుగా. డ్రైవరు కాక ఇంకెవరైనా ఉన్నారా?"

"ఉన్నాడుగా, బక్కాయన. దారంతా తల కిటికీ బయట పెట్టి, తొక్కు తొక్కు అని ఒకటే కేకలు. పాపం, మన గోడగడియారం మాత్రం జాగ్రత్తగా ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఎందుకండీ?"

జోసెఫ్ ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు తను వెనక సామాను మధ్య కూర్చున్నాడు. ముందు కిటికీలోంచి ఒక తల వెనకభాగం తప్ప ఏమీ చూడలేదు. ఆ డ్రైవరు ముఖం అంతగా ఎందుకు మాడిపోయి ఉందో ఇవాళ, అదే మాడిన ముఖంతో, అర్థమైంది. ఆ లారీని టీకొట్టు దగ్గర ఆపించి, తనకు ఇప్పించింది మునిస్వామే. అడుక్కుని తెచ్చుకున్నానన్న చిన్నతనం లేకుండా, నా నోటితో నేనే సంపాదించుకున్నానన్న గొప్ప కూడా పక్కనే ఎక్కించి పంపాడు. పన్నెండేళ్ళుగా ఆ గొప్ప తను ఊరంతా తిప్పుతున్నాడు, నిన్న మునిస్వామికే వినిపించాడు కూడా! జోసెఫ్‌కు సిగ్గూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

నాగరాజు దగ్గరికొచ్చి, "నేను పిలిస్తే ఎంత పెద్దమనిషైనా కాదనలేడు సార్" అన్నాడు.

"నిజమే నాగరాజూ, నీ మాటకు పడిపోయానయ్యా" అన్నాడు జోసెఫ్.

అంతలో మునిస్వామి, నాగరాజునూ, సామాను దింపడానికి వచ్చిన అతని ఇద్దరు బావమరుదులనూ లారీ వెనక ఎక్కించేశాడు. "కుర్చీలు ఎక్కించల్ల. రాండి, రాండి." మామూలుగా రెండు గంటలు పట్టే పని, కె.ఆర్. పురం గోడౌనులో వాళ్ళు ముగ్గురూ చెయ్యి వేస్తే అరగంటలో అయింది. ఐదుకు పది నిమిషాలుండగా చర్చి ఆవరణలో ఆఖరి కుర్చీ వేశారు. పాస్టరమ్మగారు కూర్చుని చూసి, లేచి, మళ్ళీ కూర్చున్నారు. లీలావతి ముందు వరసలో దర్జాగా కూర్చుని భర్తకేసి ఓ చూపు చూసింది.

లారీ పక్కన మునిస్వామి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. జోసెఫ్ దగ్గరికెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీ గారూ, పన్నెండేళ్ళ కిందట, కమ్మనహళ్ళిలో..."

మునిస్వామి అటు తిరిగి టైరును ఒక తన్ను తన్ని చూశాడు.

"ఆ గడియారం ఇంకా నడస్తా ఉండాదా అప్పా?"

జోసెఫ్ కూడా ఆ టైరు వైపే చూశాడు. "నడుస్తోందండీ. కాకపోతే రోజుకు ఐదు నిమిషాలు వెనకబడుతోంది."

"లోపల దుమ్ము చేరి ఉంటాది. తీసుకురా, విప్పి గీకి ఇస్తా."

"తెస్తాను గాని మేస్త్రీ గారూ, గీకాక దానికి లోడు మాత్రం పెట్టకండి."

మునిస్వామి ఎగాదిగా చూశాడు. "అప్పుడు పరీక్ష ఎట్లయితాది అప్పా?"