తిరుగు టికెట్టు సారు

మా లక్ష్మీనర్సయ్య సారుకు ఒకటే పిచ్చి. ఎక్కడికి వెళ్లాలన్నా ముందు తిరిగొచ్చే దారి చూసుకోవాలి. పెళ్లికి వెళితే వధూవరుల మొహం చూడకముందే హాలు వెనక గుమ్మం ఎక్కడుందో చూసొస్తారు. అది ఎప్పుడూ వంటల వైపే ఉంటుంది కనుక, పెళ్లివారు ఆయన్ని ఆకలి మీదున్న మనిషి అనుకుని ముందే విస్తరి వేసేస్తారు. సినిమాకు వెళితే టికెట్టు చింపేవాణ్ని "బయటికి తొవ్వ ఎటు?" అని అడుగుతారు. "సార్, ముందుగాల లోపటికైతే పోండ్రి!" అని వాడు మొత్తుకుంటాడు.

ఒకసారి కర్నూలులో సెమినారు ఉందని కాచిగూడ స్టేషనుకు వెళ్లి, జాగ్రత్తగా తిరుగు టికెట్టు తీసుకున్నారు. ఆ సంబరంలో వెళ్లే టికెట్టు సంగతి మరిచిపోయి ఇంటికొచ్చేశారు. "వచ్చుడైతే ఖాయమైంది, ఇగ పోవుడే మిగిలింది" అని డిపార్ట్‌మెంటులో అందరికీ చెప్పుకుని మురిసిపోయారు కూడా. అప్పట్నించి క్యాంపస్‌లో ఆయన తిరుగు టికెట్టు సారు.

నేను ఆయన దగ్గర ఖగోళశాస్త్రంలో పరిశోధన చేసేదాన్ని. కృష్ణా జిల్లా నుంచి వచ్చి రామంతాపూర్‌లో స్థిరపడ్డ కుటుంబం మాది. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. "ఈ గొడవల్లో క్యాంపస్‌కి ఎందుకే వైదేహీ!" అని మా అమ్మ రోజూ గుమ్మానికి అడ్డం నిలబడేది. నేను పక్కనుంచి జారుకునేదాన్ని.

బడిపిల్లలు తెర ముందు కూర్చుని అంతరిక్షంలో ఎగిరొచ్చే సాఫ్ట్‌వేరు ఒకటి కొనాలని మా డిపార్ట్‌మెంటు నిర్ణయించింది. వడపోసి వడపోసి మూడు మిగిల్చాం. వాటిలో ఒకటి తేల్చాలి. మా హెడ్డు శశిభూషణ్ గారు ఉపాయం చెప్పారు. "బంద్ లేని రోజు చూసి పిల్లల్నే పిలుద్దామండీ. దేనికి చప్పట్లు కొడితే అదే ఖాయం." అలా ఒకరోజు కాత్యాయని టీచరు ఏడో తరగతి ఆడపిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ సాయంత్రంలోగా తేల్చెయ్యాలనుకున్నాం.

మొదటి సాఫ్ట్‌వేరు నేల మీద నిలబెట్టి ఆకాశం చూపిస్తుంది తప్ప ఎగరదు. పిల్లలు ఆవలించారు. సారొక్కరే బెంగ తీరినట్టు మెచ్చుకున్నారు. "గిది పోనే పోదు. ఇగ వచ్చుడు రంధే లేదు!"

రెండోది అదరగొట్టింది. శశిభూషణ్ గారు శని గ్రహం వలయాల్లోంచి దూసుకుపోతుంటే పిల్లలు బెంచీల మీదికెక్కి చప్పట్లు కొట్టారు.

"మంచిగున్నది. ఇగ ఇంటికి తీస్కరాండ్రి" అన్నారు సారు.

శశిభూషణ్ గారు ఇంటి బొమ్మ ఉన్న బటన్ నొక్కారు. భూమి గిర్రున తిరిగింది. మేమంతా పారిస్‌లో దిగాం.

"గీడ దింపినరేంది? మన పిల్లలు గీడుంటరా?"

"మార్చుకోవచ్చండీ. ఇదిగో, జాబితాలో హైదరాబాదుంది."

"హైదరాబాద్ల ఏడ? చార్మినార్ కాడ దింపి పొమ్మంటరా? ఆడికెల్లి ఆటో ఎవలు మాట్లాడుతరు?"

శశిభూషణ్ గారు తల పట్టుకున్నారు. అప్పుడే బయట ఢామ్మని పేలింది.

గేటు దగ్గర పోలీసులు ఊరేగింపును ఆపి బాష్పవాయువు వదులుతున్నారట. ఇంకొకటి పేలింది. కిటికీ సందుల్లోంచి ఘాటు లోపలికొచ్చి కళ్లు భగ్గుమన్నాయి. తలుపులు బిగించి, సందుల్లో తడి గుడ్డలు కుక్కాం. బడి బస్సును గేటు దగ్గర్నించే వెనక్కి పంపేశారని టీచరుకు ఫోనొచ్చింది. ఆమె మొహం పాలిపోయింది. ఒక పిల్ల ఏడుపందుకుంది. దాన్ని చూసి అందరూ అందుకున్నారు.

"పిల్లల్ని ఇండ్లకు ఎట్ల చేర్చాలె సార్?" అంది టీచరు.

సారు నింపాదిగా వెళ్లి మూడో కంప్యూటరు ముందు కూర్చున్నారు. "ఇంకొకటి చూడలే కద."

నాకు ఒళ్లు మండింది. "బయట అంత గొడవవుతుంటే సాఫ్ట్‌వేరేంటి సార్!"

"సాయంత్రం లోపట తేల్చాలె కదమ్మా."

ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాడి గురించి విన్నాం. ఈయన ఆ బావికి మెట్లు కూడా కడుతున్నారు!

మూడోది చూడ్డానికి వెలవెలబోతూ ఉంది. నువ్వులు చల్లినట్టు చుక్కలు. సారు అందరినీ శని దాకా తీసుకెళ్లి ఆపారు. "ఇగ మర్లుదాం. బిడ్డా, నీ ఇల్లేడ?"

"రామంతాపూర్" అంది మొదట ఏడ్చిన పిల్ల వెక్కుతూ.

"రామంతాపూర్ల ఏడ?"

"టీవీ టవర్ కాడ."

"ఇంట్ల ఎవలున్నరు? నాయిన ఫోన్ నంబరెంత?"

సాఫ్ట్‌వేరుకు నాన్న ఫోన్ నంబరెందుకో నాకర్థం కాలేదు. పిల్ల చెప్పింది. సారు ఏదో టకటకా కొట్టారు. చందమామను రాసుకుంటూ వచ్చి సరిగ్గా 'టీవీ టవర్' అన్న అక్షరాల మీద దిగాం. పిల్ల ముక్కు తుడుచుకుని చప్పట్లు కొట్టింది.

"నన్ను గూడ సార్! మా ఇల్లు కాచిగూడ స్టేషన్ వెనక!"

"మాది తార్నాక సార్! బస్ స్టాప్ ఎదురుంగనే!"

ఒక్కొక్కరి కోసం మళ్లీ శని దాకా వెళ్లడం, మళ్లీ రావడం, ఒక్కొక్కరినీ ఇల్లెక్కడ, ఇంట్లో ఎవరున్నారు, నంబరెంత అని అడగడం. బయట పేలినప్పుడల్లా సారు "అగో, ఉల్క! జరుగుండ్రి!" అని అరిచేవారు. పిల్లలంతా ఒక పక్కకు ఒరిగేవాళ్లు. నేను ఉలిక్కిపడి తలుపు సందుల్లో గుడ్డలు మళ్లీ కుక్కుతుంటే, వీళ్లేమో నవ్వుతున్నారు.

ఆఖరి పిల్ల కూడా దిగాక సారు బల్ల కిందనుంచి ఎడమ చెయ్యి పైకి తీశారు. చేతిలో సెల్‌ఫోన్. ఇంతసేపూ కుడిచేత్తో గ్రహాలు తిప్పుతూ, ఎడమచేత్తో పిల్లల ఇళ్లకు మెసేజీలు పంపి, ఏ దారి తెరిచి ఉందో కనుక్కుంటున్నారన్నమాట!

"రామంతాపూర్ తొవ్వ సాఫున్నదట, టీవీ టవర్ కాడి నాయిన చెప్పిండు. ఆ పిల్లలు వైదేహక్కతోని పోతరు. కాచిగూడోళ్లు టీచరమ్మతోని, తార్నాకోళ్లు శశిభూషణ్ గారితోని. స్టాఫ్ క్వార్టర్ల వెనక చిన్న గేటున్నది. వాచ్‌మన్ బిక్షపతి తాళం తీసి నిలవడ్డడు. ఉరకకుండ్రి, మెల్లగ నడువుండ్రి."

నేను రామంతాపూర్ పిల్లల్ని వెంటబెట్టుకుని నడిచాను. పిల్లల చేతులు ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, ఒకతె "అక్కా, ఏళ్లు నొస్తున్నయ్" అంది. టీవీ టవర్ దగ్గర ఆ నాన్న ఎదురొచ్చి కూతుర్ని ఎత్తుకుని, నాకు దండం పెట్టాడు. మిగతావాళ్లను కూడా ఇళ్లలో దింపి నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి పొద్దు వాలింది. వెంటనే ఫోన్ మోగింది.

"పిల్లలు చేరిండ్రా అమ్మా?"

"అందరూ చేరారు సార్."

"టీచరమ్మ, శశిభూషణ్ గారు గూడ ఫోన్ చేసిండ్రు. నీతోని లెక్క సరిపోయింది."

"మీరు ఇంటికెళ్లారా?"

"లే. ఆఫీసులనే ఉన్న. ఇండ్లకు పంపిన మెసేజీలల్ల ఈడి ఫోన్ నంబరు గూడ ఇచ్చిన. ఎవలన్న చేస్తే ఎత్తనీకె మనిషుండాలె. ఇప్పుడు ఆ చిన్న గేటు గూడ మూసిండ్రు."

తిరిగొచ్చే దారి లేనిచోట ఆయన ఉండిపోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. మధ్యాహ్నం ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, ఇప్పుడంత ప్రేమ పొంగుకొచ్చింది.

"మరి ఎలా వస్తారు సార్?"

"నా రంధి వెట్టుకోకు. మూడోదే కొందమని హెడ్డుకు చెప్పు. ఇప్పుడు శని కాడున్న. నిమ్మళంగ వస్తా."